నెట్‌వర్క్ స్టోరేజీలో పర్మిషన్ ఎర్రర్లు

కంప్యూటర్‌లోని ఫైళ్లను ఎన్‌ఏఎస్ వంటి ఉమ్మడి నిల్వ పరికరానికి సింక్ చేసేటప్పుడు ఇరువైపులా యాజమాన్యం, అనుమతులు పొసగక వచ్చే ఎర్రర్లు. లినక్స్‌లో ఇవి ముఖ్యంగా రెండు: 13వ నంబరు ‘పర్మిషన్ డినైడ్’, 1వ నంబరు ‘ఆపరేషన్ నాట్ పర్మిటెడ్’. వాడుకలో రెంటినీ ఒకే గాట కడతారు గాని, 13 సాధారణంగా చదివే, రాసే హక్కు లేదని చెబుతుంది. 1 వచ్చినప్పుడు చాలాసార్లు డేటా చేరిపోయే ఉంటుంది; యజమానినో గ్రూపునో మార్చబోయిన చోట పని ఆగుతుంది.

నేపథ్యం

నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకునే ఎన్‌ఎఫ్‌ఎస్ ప్రోటోకాల్‌ను సన్ మైక్రోసిస్టమ్స్ 1984లో రూపొందించింది. విండోస్ వైపు ఇదే పని చేసే ఎస్‌ఎంబీని యూనిక్స్‌కు అందించిన సాంబా పుట్టుకను 1991గానూ 1992గానూ రాస్తారు. ఆండ్రూ ట్రిడ్జెల్ తొలి రూపం 1991 డిసెంబరులో మొదలై 1992 జనవరిలో ఒక కొలిక్కి వచ్చింది కాబట్టి రెండోదే సబబు. ఆయనే పాల్ మెకరస్‌తో కలిసి 1996లో ఫైళ్లను సింక్ చేసే ఆర్‌సింక్‌ను వెలువరించారు.

కారణాలు

ఆర్‌సింక్‌లో ‘-ఎ’ ఏడు ఆప్షన్ల కూర్పు. యజమాని, గ్రూపు, అనుమతులు, సమయాలను ఉన్నవున్నట్టు దించమనడం అందులో భాగం. ఎస్‌ఎంబీ షేర్‌ను లినక్స్‌లో మౌంట్ చేస్తే యజమాని ఎవరన్నది సాధారణంగా మౌంట్ చేసేటప్పుడే ఖాయమవుతుంది. తర్వాత మార్చమంటే కుదరదు. సుడో (రూట్ అధికారం) లేకుండా నడిపితే ఆర్‌సింక్ యజమానిని మార్చే ప్రయత్నమే చేయదు. అందుకే సుడో పెట్టాక ఎర్రర్లు పెరగడం కద్దు. చివరకు కోడ్ 23, అంటే పాక్షిక బదిలీ, మిగులుతుంది.

ఎన్‌ఎఫ్‌ఎస్ 3లో మామూలుగా గుర్తింపు పేరుతో కాదు, యూఐడీ అనే వినియోగదారు నంబరుతో. ఉబుంటులో తొలి వినియోగదారు 1000, మ్యాక్‌లో 501, సైనాలజీ ఎన్‌ఏఎస్‌లో సాధారణంగా 1026. మూడింటా ఒకే పేరున్నా సర్వర్ లెక్కలో వారు ముగ్గురు. పైగా లినక్స్ సర్వర్‌లో ‘రూట్ స్క్వాష్’ ముందే అమల్లో ఉంటుంది. రూట్‌గా వచ్చినవారిని 65534వ నంబరు అనామకుడిగా మారుస్తుంది.

పరిష్కారాలు

షేర్‌కు ఇచ్చిన హక్కు, ఫోల్డర్‌పై హక్కు రెండూ సరిపోవాలి. ఒకటి కాదన్నా 13 వస్తుంది. ఎస్‌ఎంబీకి మౌంట్‌లోనే యూఐడీ, జీఐడీ (గ్రూపు నంబరు) చెప్పి, ఆర్‌సింక్‌కు ‘--నో-ఓనర్’, ‘--నో-గ్రూప్’, ‘--నో-పర్మ్స్’ చేర్చడం తేలిక దారి. ఎన్‌ఎఫ్‌ఎస్‌లో నంబర్లు కలపాలి, లేదా సర్వర్‌లోనే అందరినీ ఒక యూఐడీకి మళ్లించాలి. పలువురు పనిచేసే ఫోల్డర్‌కు 2775 అనుమతి ఇస్తే కొత్త ఫైళ్లకు ఫోల్డర్ గ్రూపే వస్తుంది.

అన్నిటికీ 777 అనుమతి ఇమ్మన్న సలహా తరచు వినిపిస్తుంది. అది దారినపోయే ఖాతాకూ రాసే హక్కు ఇస్తుంది. యాజమాన్యం మార్చేటప్పుడు వచ్చే 1వ నంబరు ఎర్రర్‌కు అసలు పనికిరాదు. మూల యాజమాన్యం తప్పక నిలవాలంటే, 2008లో ఆర్‌సింక్ 3.0.0తో వచ్చిన ‘--ఫేక్-సూపర్’ ఆ వివరాలను ఫైల్ అదనపు లక్షణాల్లో దాస్తుంది. అవతలి ఫైల్‌సిస్టమ్ వాటిని అనుమతించాలి.

తెలుగు ఫైల్ పేర్లు

డీటీపీ పనులు, కోచింగ్ మెటీరియల్ ఎక్కువగా సాగే హైదరాబాద్‌లోని చిక్కడపల్లి, అశోక్‌నగర్ వంటి చోట్ల ఫైళ్లకు పొడవాటి తెలుగు పేర్లు మామూలే. వీటివల్ల వచ్చే 36వ నంబరు ఎర్రర్‌ను, అంటే ‘పేరు మరీ పొడవు’ను, పర్మిషన్ ఎర్రర్‌గా పొరబడుతుంటారు. విండోస్ ఎన్‌టీఎఫ్‌ఎస్ పేరు హద్దును 255 యూటీఎఫ్-16 యూనిట్లుగా కొలిస్తే, లినక్స్ ఈఎక్స్‌టీ4 255 బైట్లుగా కొలుస్తుంది. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు యూనికోడ్ సంకేతానికి 3 బైట్లు. ‘చిక్కడపల్లి’ కంటికి అయిదక్షరాలే అయినా 11 సంకేతాలు, 33 బైట్లు. ఈక్రిప్ట్‌ఎఫ్‌ఎస్‌తో గుప్తీకరించిన ఫోల్డర్లలో హద్దు దాదాపు 143 బైట్లే, అంటే 47 తెలుగు సంకేతాలు. ఇక్కడ అనుమతులు ఎంత సడలించినా ఫలితం ఉండదు, పేరు కుదించాలి.