కార్డు ఉంటేనే ప్రవేశం: హోల్‌సేల్ మార్ట్‌లో కొంటే నిజంగా మిగులుతుందా?

రంజాన్ దగ్గర పడుతోందంటే చాలు, జూబ్లీహిల్స్, ఫిల్మ్ నగర్ నుంచి షేక్‌పేట, టోలీచౌకి దాకా ఇళ్లల్లో ఒకటే చర్చ. ఈసారి సరుకులు ఎక్కడ తెద్దాం? బేగంబజారా, డీమార్టా, లేక కార్డు చూపిస్తేనే లోపలికి పంపే పెద్ద హోల్‌సేల్ మార్టా? ఎవరో ఒకరు తమ దగ్గర కార్డు ఉందంటారు. మరి ఆ కార్డుతో కొంటే జేబులో నిజంగా డబ్బు మిగులుతుందా? లెక్క వేసి చూద్దాం.

కార్డు ఎందుకు అడుగుతారు?

జర్మనీకి చెందిన మెట్రో క్యాష్ అండ్ క్యారీ 2003లో బెంగళూరులో తొలి స్టోర్ తెరిచి మన దేశంలోకి వచ్చింది. తర్వాత హైదరాబాద్‌లో కూకట్‌పల్లి, ఉప్పల్ వైపు స్టోర్లు పెట్టింది. అమెరికా కంపెనీ వాల్‌మార్ట్ 2009లో అమృత్‌సర్‌లో 'బెస్ట్ ప్రైస్' పేరుతో మొదలుపెట్టి, అత్తాపూర్ సహా తెలుగు రాష్ట్రాల్లో పలుచోట్ల విస్తరించింది. వాల్‌మార్ట్ ఇండియా వ్యాపారం 2020లో ఫ్లిప్‌కార్ట్ కిందికి వెళ్లింది. మెట్రో ఇండియాను 2,850 కోట్ల రూపాయలకు కొంటున్నట్టు రిలయన్స్ రిటైల్ 2022 డిసెంబర్‌లో ప్రకటించి, 2023లో చేతిలోకి తీసుకుంది.

విదేశీ కంపెనీలు అన్ని రకాల సరుకులూ నేరుగా ఇళ్లకు అమ్మడంపై మన దేశంలో ఆంక్షలున్నాయి. వ్యాపారులకు టోకున అమ్మడానికి మాత్రం నూరు శాతం విదేశీ పెట్టుబడికి అనుమతి ఉంది. అందుకే ఈ స్టోర్లు కిరాణా కొట్లు, హోటళ్లు, క్యాటరర్లు, ఆఫీసుల పేరు మీద కార్డులు ఇస్తూ వచ్చాయి. అంటే ఇవి మొదటి నుంచీ ఇంటి కోసం పెట్టినవి కావు. ఫిల్మ్ నగర్‌లో షూటింగ్ యూనిట్లకు రోజూ వంద మందికి వండి పెట్టే క్యాటరింగ్ వాళ్లకు ఇవి నిజంగా పనికొస్తాయి. తెచ్చిన బస్తా రెండు రోజుల్లో ఖాళీ అవుతుంది, ఏదీ పాడవదు. మన ఇంట్లో అలా కాదు.

బంధువుల కార్డుతో కొంటే?

ఇది చాలామంది చేసే పనే. కానీ బిల్లు ఆ కార్డుదారు జీఎస్టీ నంబర్ మీద పడుతుంది. సొంత వాడకానికి కొన్న సరుకు మీద ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ తీసుకోకూడదని 2017 నాటి సీజీఎస్టీ చట్టం సెక్షన్ 17(5) చెబుతోంది. పొరపాటున ఆ బిల్లును లెక్కల్లో చూపి క్రెడిట్ వాడుకుంటే పన్ను, వడ్డీ, జరిమానా కట్టాల్సింది ఆ బంధువే. మనకు మిగిలే మూడు వందల కోసం మామయ్య కిరాణా కొట్టుకు నోటీసు తెచ్చిపెట్టడం మంచిది కాదు. ఇంటివాళ్లకు కార్డు ఇస్తున్నారేమో స్టోర్‌లోనే అడిగి, ఉంటే మన పేరు మీదే తీసుకోవాలి.

లెక్క ఎలా వేయాలి?

చాలామంది ఎమ్మార్పీతో పోల్చి "ఇంత తగ్గింది" అనుకుంటారు. అది సరైన లెక్క కాదు. మన వీధి కొట్టు, డీమార్ట్, రైతుబజార్... వీటిలో మనకు ఎక్కడ తక్కువకు దొరుకుతుందో ఆ ధరతో పోల్చాలి. డీమార్ట్‌కు కార్డు అక్కర్లేదు, ఫీజు లేదు.

ఒక ఉదాహరణ చూద్దాం. ఐదుగురున్న ఇంట్లో నెలకు 8,000 రూపాయల సరుకులు అనుకోండి. కూరగాయలు, పాలు, చిల్లర వస్తువులు తీసేస్తే టోకున కొనదగ్గవి సగం, అంటే 4,000. వాటి మీద 8 శాతం తగ్గిందనుకుంటే 320 రూపాయలు మిగిలినట్టు. రానుపోను 25 కిలోమీటర్ల ప్రయాణం, లీటరుకు 15 కిలోమీటర్ల మైలేజీ, పెట్రోల్ 107 రూపాయల లెక్కన వేస్తే ఖర్చు దాదాపు 178. చేతిలో మిగిలేది 142. ట్రాలీలో అనుకోకుండా పడిన ఒక్క చాక్లెట్ డబ్బా దాన్ని మింగేస్తుంది.

అదే రెండు నెలలకొకసారి వెళ్తే 640 మిగులుతుంది, పెట్రోల్ పోను 462. మూడు కుటుంబాలు కలిసి ఒకే కారులో వెళ్తే ఒక్కో ఇంటికి పెట్రోల్ 60 రూపాయలే. అంటే లాభం కార్డులో కాదు, ఎన్నిసార్లు వెళ్తున్నాం, ఎవరితో పంచుకుంటున్నాం అన్నదాంట్లో ఉంది.

ఏవి కొనాలి, ఏవి వద్దు?

బియ్యం: ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం, పప్పు, పిండి 25 కిలోల వరకు ఉంటే 5 శాతం జీఎస్టీ పడుతుంది. 2022 జూలై 18 నుంచి ఈ నిబంధన ఉంది. 25 కిలోలు దాటిన బస్తాకు పన్ను లేదు. మార్కెట్‌లో 26 కిలోల బియ్యం బస్తాలు కనిపించేది ఇందుకే. ఈ లాభం పొందడానికి ఏ కార్డూ అవసరం లేదు, మన వీధి కొట్టులోనూ దొరుకుతుంది.

నూనె: 15 కిలోల డబ్బాను 15 లీటర్ల ప్యాకెట్లతో పోల్చకండి. లీటరు నూనె దాదాపు 910 గ్రాములే. 15 కిలోలంటే సుమారు పదహారున్నర లీటర్లు. ఇది చూసుకోకపోతే లెక్క తప్పుతుంది.

సబ్బులు, డిటర్జెంట్, ఉప్పు, చక్కెర: పాడవవు, చోటుంటే నిశ్చింతగా కొనొచ్చు.

పిండి, రవ్వ, కారం, డ్రైఫ్రూట్స్: ఇక్కడే జాగ్రత్త. వర్షాకాలంలో పిండికి పురుగు పడుతుంది. కారం రంగు, ఘాటు పోతాయి. జీడిపప్పు, అక్రూట్ ముక్కవాసన కొడతాయి. షీర్ ఖుర్మాకు అరకిలో చాలినప్పుడు రెండు కిలోల ప్యాకెట్ చవక కాదు. అయినవాళ్లతో పంచుకుంటేనే చవక.

రేటు చూసేటప్పుడు ప్యాకెట్ మీద గ్రాముకు లేదా కిలోకు ఎంత అన్న యూనిట్ ధర చదవండి. పెద్ద ప్యాకెట్ ప్రతిసారీ చవక కాదు. ట్యాగ్ మీద పన్ను కలపకముందు, కలిపాక అని రెండు ధరలుంటే రెండోదే మన ధర.

అమెరికాలో ఉన్నవాళ్లకు

డల్లాస్, న్యూజెర్సీలో ఉన్న మన పిల్లలకు కాస్ట్‌కో బాగా తెలుసు. 1983లో సియాటిల్‌లో మొదలైంది. 2024 సెప్టెంబర్ నుంచి మామూలు సభ్యత్వం ఏడాదికి 65 డాలర్లు. పది శాతం మిగులుతుందనుకుంటే ఏడాదికి 650 డాలర్ల సరుకు కొన్నాకే ఫీజు తిరిగొస్తుంది. రెండు శాతం రివార్డు ఇచ్చే ఎగ్జిక్యూటివ్ కార్డు 130 డాలర్లు. ఆ అదనపు 65 డాలర్లు రాబట్టాలంటే ఏడాదికి 3,250 డాలర్లు ఖర్చు పెట్టాలి. ఇద్దరే ఉండే ఇంటికి మామూలు కార్డు చాలు.

చేతిలో డబ్బు, ఇంట్లో చోటు

ఫిల్మ్ నగర్ బస్తీల్లో రోజు కూలీకి వెళ్లే లైట్‌మన్, జూనియర్ ఆర్టిస్ట్ కుటుంబాలకు ఈ చవక అందదు. ఒకేసారి నాలుగు వేలు పెట్టాలి, ఒక గది ఇంట్లో బస్తాలు పెట్టడానికి చోటుండాలి. వాళ్లకు వీధి కొట్టు ఖాతానే ఆసరా. నెలాఖరుకు కట్టినా వడ్డీ అడగడు. క్రెడిట్ కార్డు గీకి టోకున కొని, గడువు దాటితే పడే వడ్డీ మిగిలిన 8 శాతాన్నీ తినేస్తుంది. వడ్డీకి దూరంగా ఉండాలనుకునే ఇళ్లు ఈ సంగతి ముందే చూసుకోవాలి. నలుగురు ఇరుగుపొరుగు తలా కొంత వేసుకుని, ఒకరు బేగంబజార్ వెళ్లి బస్తా తెచ్చి కిలోల లెక్కన పంచుకోవడం కార్డు లేని హోల్‌సేల్.

క్లుప్తంగా: ఇంట్లో ఆరేడుగురు దాటితే, చోటుంటే, నగదుతో, చీటీ రాసుకుని, రెండు నెలలకోసారి వెళ్తే మిగులుతుంది. చిన్న కుటుంబానికి, నెలకు మూడుసార్లు వెళ్లేవారికి మిగలదు. వచ్చే రెండు నెలల బిల్లులు దాచి, పెట్రోల్ కలిపి, పారేసిన సరుకు తీసేసి కూడండి. మీ ఇంటి జవాబు ఆ కాగితం మీదే తేలుతుంది.