పోటీదారునకు చోటు: టెలిఫోను భవనముల చరిత్రలో నొక న్యాయము

కాట్పాడి స్టేషనును ఎఱిగిన మన పెద్దలకు అచ్చట కలిసిన రెండు దారుల సంగతి చెప్పనక్కఱలేదు. మద్రాసునుండి జోలార్‌పేట దిక్కునకు పోవు బ్రాడ్‌గేజి మార్గమును వేసినది మద్రాసు రైల్వే కంపెనీ. విళ్లుపురమునుండి వేలూరు మీదుగా వచ్చి, కాట్పాడి దాటి, చిత్తూరు పాకాలల వైపు పోవు మీటరుగేజి మార్గమును వేసినది సౌత్ ఇండియన్ రైల్వే కంపెనీ. పట్టాల నడిమి యెడము వేఱు, బండ్లు వేఱు, యజమానులు వేఱు. అయినను గుడియాత్తమునుండి తిరుపతికి బయలుదేరిన యాత్రికుడు కాట్పాడిలో ఒక బండి దిగి మఱియొక బండి యెక్కవలసినదే. సరకుల మూటలను సయితము ఒకదానినుండి దించి మఱియొకదాని కెక్కింపవలసినదే. 1951 ఏప్రిల్ 14 న దక్షిణాదిని గల పెద్ద రైల్వేలు దక్షిణ రైల్వే యను పేర నొక్కటియైనవి. ఈ శతాబ్దపు తొలి సంవత్సరములలో మీటరుగేజి పట్టాలును బ్రాడ్‌గేజిగా మాఱినవి.

ఎంత గొప్ప మార్గమైనను మఱియొక మార్గముతో కలిసినపుడే ప్రజలకు సంపూర్ణముగా ఉపయోగపడును. ఆ కూడలి యెవరి నేలపై నున్నను రెండవవానికి అచ్చట నిలుచుటకు చోటు దొరకవలెను. ఎంత చోటు, ఎంత అద్దె, ఏ షరతులు అను ప్రశ్నలు వెంటనే పుట్టును. రైళ్ల విషయమున మన కన్నుల యెదుటనే యున్న యీ ప్రశ్న టెలిఫోను విషయమున గోడల వెనుక జరిగినది. కనుకనే దాని చరిత్ర పలువురకు తెలియదు. ఆ చరిత్రను మన కుటుంబముల వారికి స్థూలముగా తెలుపుటయే మా యుద్దేశము.

మొదట టెలిఫోను ఎక్స్చేంజి యననేమో చెప్పుకొందము. ఊరిలోని ప్రతి యింటినుండి ఒక జత రాగితీగలు బయలుదేరి, స్తంభములమీదుగనో నేలక్రిందుగనో ప్రయాణముచేసి, ఒకే భవనమును చేరును. ఆ భవనములో తీగలన్నిటిని వరుసగా బిగించిన పెద్ద యినుపచట్రము గలదు. దాని ప్రక్కన ఒక తీగను మఱియొక తీగతో కలుపు యంత్రములుండును. కరెంటు పోయినను మాట తెగకుండుటకై 48 వోల్టుల బ్యాటరీలు, డీజిలు జనరేటరు, యంత్రములు వేడెక్కకుండ చల్లని గాలి పెట్టు సాధనములును ఉండును. క్రొత్త కంపెనీ యేదైన వచ్చి అదే ఊరి ప్రజలకు సేవచేయ దలచినచో ఏమి చేయవలెను? ఇంటింటికి మరల తీగ వేయుట ధనమునకును కాలమునకును మించిన పని. ఉన్న తీగల చెంతకు తన యంత్రమును తెచ్చి పెట్టుకొనుట సులభము. అనగా పోటీదారు తన సామానును పాత కంపెనీ యింటనే పెట్టవలెను. ఒక ఒరలో రెండు కత్తు లిమడవని మన సామెత. ఇమిడించుటకు నియమములు వ్రాయుటయే ఈ కథ యంతయు.

మన దేశమున ఈ ప్రశ్న చాలకాలము పుట్టనేలేదు. 1881 లో ఓరియంటల్ టెలిఫోను కంపెనీకి ప్రభుత్వము అనుమతి యీయగా, 1882 జనవరి 28 న కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరములలో ఎక్స్చేంజిలు తెఱవబడినవి. మద్రాసులోనిది ఎఱ్ఱబాలు చెట్టి వీధిలో వెలసినదనుట తెలుగువారు గర్వముతో చెప్పుకొను ముచ్చట. 1943 లో ఈ కంపెనీల వ్యవస్థలను ప్రభుత్వము కొనివేసినది. అప్పటినుండి తీగయు ప్రభుత్వముది, భవనమును ప్రభుత్వముది. పోటీ యన్న మాట లేదు.

ఆ కాలమున సరిహద్దున నున్న మన కుటుంబములు పడిన పాటు వేఱొకరికి తెలియదు. 1911 లో ఉత్తర ఆర్కాటు జిల్లానుండి చిత్తూరు మొదలగు తాలూకాలు వేఱై చిత్తూరు జిల్లా యేర్పడినది. 1953 లో ఆంధ్రరాష్ట్ర మవతరించినపుడు చిత్తూరు ఆవల నిలిచినది. వేలూరు, కాట్పాడి, గుడియాత్తము ఈవల నిలిచినవి. కాట్పాడికిని చిత్తూరునకును నలుబది కిలోమీటర్లయినను లేదు. అయినను అక్క అటు, చెల్లెలు ఇటు. పురుడు వచ్చినను, పెద్దలకు ప్రాణముమీదికి వచ్చినను తపాలాఫీసుకు పోయి ట్రంకుకాలు వ్రాయించి, పిలుపుకొఱకు గంటలకొలది కాచుకొనవలసి యుండెను. 1960 లో కాన్పూరు లక్నోల నడుమ నేరుగా అంకెలు త్రిప్పి మాటాడు సౌకర్యము మొదలైనను, అది చిన్న యూళ్లకు చేరుటకు చాల యేండ్లు పట్టినది.

ఇక అమెరికా మాట. మన పిల్లలు పెక్కుమంది నేడు కాపురమున్న ఆ దేశమున ఈ వివాదము తొలుదొల్త పెరిగినది. ఇరువదవ శతాబ్దారంభమున అచ్చటి పట్టణములలో రెండు కంపెనీలుండుటయు, ఒకదాని చందాదారు రెండవదాని చందాదారుతో మాటాడలేకుండుటయు కలదు. వర్తకుడు బల్లమీద రెండు టెలిఫోనులు పెట్టుకొనవలసి వచ్చెడిది. 1913 లో బెల్ సంస్థ తన దూరపు తీగలను ఇతర కంపెనీలకు కలుపుటకు ఒప్పుకొన్నది. 1984 లో ఆ మహాసంస్థ ముక్కలైనది గాని, ఊరి ఎక్స్చేంజి మాత్రము పాతవారి చేతిలోనే నిలిచినది.

1992 లో ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషను, పోటీదారుల యంత్రములకు ఎక్స్చేంజిలో చోటీయవలెనని పెద్ద కంపెనీలను శాసించినది. ఇతరుని యింటిలో మఱియొకనిని కూర్చుండబెట్టు అధికారము చట్టము కమిషనున కీయలేదని 1994 లో వాషింగ్టను అపీలు కోర్టు ఆ శాసనమును కొట్టివేసినది. అంతట 1996 ఫిబ్రవరిలో వచ్చిన క్రొత్త టెలికమ్యూనికేషన్ల చట్టము ఆ యధికారమును స్పష్టముగా వ్రాసిపెట్టినది. కలయికకు అవసరమైన యంత్రమునకు న్యాయమైన అద్దెకు, పక్షపాతములేని షరతులపై చోటీయవలెను. చోటు లేదనువాడు ఆ మాటను రాష్ట్రపు కమిషను యెదుట ఋజువు చేయవలెను.

చట్టము వచ్చినంతనే చోటు దొరకలేదు. దేవుడు వరమిచ్చినను పూజారి వరమీయడన్నట్లు, తలుపు తాళము పాతవాని చేతనే యున్నది. పోటీదారు తన యంత్రముచుట్టు ఇనుపకంచె కట్టించుకొనవలెననియు, ఇంత నేలకు తక్కువ తీసికొనరాదనియు నిబంధనలు పెట్టిరి. ఒక చిన్న బీరువా పట్టు సామానునకు ఒక గది యద్దె మోయవలసి వచ్చినది. 1999 లో కమిషను దీనిని మాన్పించినది. కంచె లేకయే, ఒక్క బీరువా చోటైనను ఈయవలెననినది. చోటు లేదని త్రిప్పిపంపినచో అడిగినవానిని పది దినములలో లోపలికి తీసికొనిపోయి భవనమంతయు చూపవలెననినది. ఈ చివరి నియమము మాకు మిక్కిలి నచ్చినది. లేదన్న మాటకు కన్నులే సాక్షి కావలెను గదా! 2000 లో కోర్టు మరల కలుగజేసికొని, అవసరమైన యంత్రము అను మాటకు కమిషను మితిమీఱిన యర్థము చెప్పినదనగా, 2001 లో కమిషను ఆ నిర్వచనమును బిగించి వ్రాసినది.

మన దేశమునకు మరల వత్తము. 1994 నాటి జాతీయ విధానము ప్రైవేటు కంపెనీలకు తలుపు తెఱచినది. 1997 లో టెలికాం నియంత్రణ సంస్థ, అనగా ట్రాయ్, యేర్పడినది. 2000 అక్టోబరు 1 న ప్రభుత్వశాఖ సేవలు బి.ఎస్.ఎన్.ఎల్. అయినవి. విదేశముల మాటలపై వి.ఎస్.ఎన్.ఎల్. కు గల ఏకస్వామ్యము 2002 లో ముగిసినది. అప్పుడు చిక్కుముడి ఎక్స్చేంజినుండి సముద్రతీరమునకు మాఱినది. సింగపూరునుండి మద్రాసు తీరమునకు వచ్చు సముద్రపు కేబులు ఒడ్డున నొక భవనములో తేలును. ఆ భవనము యొకరిది. ఆ కేబులులో వాటా కొన్నవారు పలువురు. వాటాదారునకైనను తన మాటలను ఒడ్డుకు తెచ్చుకొనవలెనన్న ఆ భవనములో తన యంత్రమునకు చోటు కావలెను.

2007 జూనులో ట్రాయ్ దీనికి నియమములు చేసినది. భవనపు యజమాని తన షరతులను, ధరలను ముందుగా వ్రాసి, ట్రాయ్ ఆమోదముతో ప్రకటింపవలెను. అడిగినవారందఱికి అవియే వర్తింపవలెను. 2012 లో ధరల పట్టికను ట్రాయ్ స్వయముగా నిర్ణయించినది. ఆ పట్టికపై మద్రాసు హైకోర్టులోను, సుప్రీంకోర్టులోను వాదములు నడచిన పిమ్మట, 2018 లో పట్టిక మరల ప్రకటింపబడినది.

యజమాని పక్షముననుగూడ న్యాయము గలదని మేము ఒప్పుకొనవలెను. సొమ్ము పెట్టి కట్టినది ఆయన. రేపు తన యంత్రములు పెరుగునపుడు చోటు కావలసినదియు ఆయనకే. పరుల మనుష్యులు రాత్రింబవళ్లు తన భవనములో తిరిగినచో తీగ తెగినను, నిప్పంటుకొన్నను నింద ఆయనపై పడును. కావున మంచి నియమము అద్దెను నిర్ణయించును, రక్షణకు షరతులు పెట్టును, యజమాని సొంత అవసరమునకు కొంత చోటు మిగుల్చును. యజమాని యిష్టమునకు మాత్రము తలుపును వదలదు.

దీనివలన మన యిండ్లకు కలిగిన ఫలమేమి? తమిళనాడు, ఆంధ్రప్రదేశ్ వేర్వేఱు టెలికాం సర్కిళ్లగుటచేత, సెల్‌ఫోనులు వచ్చిన పిదపను కాట్పాడినుండి చిత్తూరునకు చేసిన పిలుపు దూరపు పిలుపుగనే లెక్కకు వచ్చెడిది. కంపెనీలు పెరిగి, వాని యంత్రములు ఒకదానితో నొకటి కలిసిన కొలది ధరలు దిగినవి. 2006 మార్చి 1 న బి.ఎస్.ఎన్.ఎల్. దేశములో నెచ్చటికైనను నిమిషమునకు ఒక రూపాయి యను ధరను తెచ్చినది. నేడు గుడియాత్తములోని అవ్వ అమెరికాలోని మనుమని ముఖము చూచుచు తెలుగున మాటాడుచున్నది. ఆ మాట సముద్రము దాటి వచ్చి తేలు చోటను ఎవరి బీరువా యెవరి యింట నుండవలెనో నిర్ణయించు కాగితము లున్నవి.

తరతరములుగా ఇతరభాషల నడుమ ఇల్లు కట్టుకొని, ఇచ్చిపుచ్చుకొని బ్రతికిన మనకు ఈ న్యాయము క్రొత్తది కాదు. యజమాని మంచివాడైనంత కాలము చోటునకు లోటుండదు. ఆయన మనసు మాఱిన దినమున నిలుచునది వ్రాసిపెట్టిన నియమమొక్కటే. చోటు అడిగినవాడు అద్దె సరిగా చెల్లింపవలెను. చోటిచ్చినవాడు కొలత సరిగా కొలువవలెను. ఈ రెండును కుదిరినచోట ఒక యొరలో రెండు కత్తు లిమడకపోయినను, ఒక కప్పుక్రింద ఇద్దరి సామాను సుఖముగా నుండును.