నిమ్ము, మందు, పటాన్‌చెరు

ఊపిరితిత్తులకు సోకిన ఇన్ఫెక్షన్‌కు మందు కావాలా, వద్దా అన్నది చాలాకాలం వైద్యుడి చెవే తేల్చింది. 1816లో ఫ్రెంచ్ వైద్యుడు లెనెక్ స్టెతస్కోపును రూపొందించాడు. 1895 తర్వాత ఎక్స్‌రేలో నిమ్ము (న్యుమోనియా) కంటికే కనిపించింది. అయినా సల్ఫా మందులు, పెన్సిలిన్ వచ్చేదాకా ఆ తీర్పు వల్ల రోగికి ఒరిగింది తక్కువే.

ఈ సాధనాలేవీ లేని ఊళ్ళకు పనికొచ్చే పద్ధతి 1980లలో పాపువా న్యూగినీలో ఫ్రాంక్ షాన్ వంటి వైద్యుల పనితో రూపుకట్టింది. దగ్గుతున్న బిడ్డ ఊపిరిని నిమిషం పాటు లెక్కపెట్టడమే ఆ పద్ధతి. రెండు నెలలు నిండి ఏడాదిలోపు ఉన్నవారికి 50, ఆపైన ఐదేళ్ళలోపు వారికి 40, లేదా అంతకు మించితే నిమ్ముగా భావించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణం పెట్టింది. అంతకంటే తక్కువై, డొక్కలెగరేయకుండా ఉంటే అది ఉత్త జలుబు, దగ్గు, యాంటీబయోటిక్ అక్కర్లేదు. డొక్కలెగరేసే బిడ్డను మొదట ఆసుపత్రికే పంపేవారు. వేరే ప్రమాద సూచనలు లేకపోతే ఇంట్లోనే అమాక్సిసిలిన్ ఇవ్వవచ్చని 2014లో సవరించారు. పెద్దల కోసం 2003లో వచ్చిన కర్బ్-65 లెక్క తేల్చేది మరొకటి: నిమ్ము ఖాయమయ్యాక ఇంట్లో ఉంచాలా, ఆసుపత్రిలో చేర్చాలా అన్నది.

అక్కర్లేని మందు ఖరీదు ఎంతో హైదరాబాద్ శివారులోని పటాన్‌చెరు మరో వైపు నుంచి చూపింది. 1970లలో మొదలైన ఈ పారిశ్రామికవాడ చుట్టూ బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీలు పెరిగాయి. సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థజలం చేరే ఉమ్మడి శుద్ధి కేంద్రం వద్ద, శుద్ధి అయ్యాక బయటికొచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయోటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉన్నట్టు స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం 2007లో ప్రకటించింది. ఆ మందు వేసుకున్న మనిషి రక్తంలో కూడా అంత ఉండదు. సిప్రో నిమ్ముకు తొలి ఎంపిక కాదు, నిజమే; కానీ మందుకు లొంగని బ్యాక్టీరియా రోగి ఒంట్లోనే కాక వాగు నీటిలోనూ తయారవుతుందన్న చర్చకు ఈ ప్రాంతమే ప్రధాన ఉదాహరణ అయింది.

ఇక మందుల అమ్మకం వైపు చూస్తే, 2014 మార్చి నుంచి అమలైన ఔషధ నిబంధనల్లోని షెడ్యూల్ హెచ్1 కొన్ని యాంటీబయోటిక్స్ అమ్మకాన్ని మెడికల్ షాపు రిజిస్టరులోకి ఎక్కించింది. అమాక్సిసిలిన్ ఆ జాబితాలో లేదు. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదన్న పాత నిబంధన మాత్రం దానికీ ఉంది. 2019లో కేంద్రం చేపట్టిన ‘సాన్స్’ కార్యక్రమం పిల్లల్లో నిమ్మును గుర్తించే పనిలో ఆశా కార్యకర్తలకు చోటిచ్చింది. కోవిడ్‌తో పల్స్ ఆక్సీమీటరు ఇళ్ళలోకి వచ్చింది. ఈ పరీక్షలన్నిటికీ లొంగనిది రసాయనాల ఘాటులో, దుమ్ములో పనిచేసే కార్మికుడి దగ్గు. జ్వరం లేకపోయినా అది వారాల తరబడి తగ్గదు. దానికి యాంటీబయోటిక్ పనిచేయదు; రెండు వారాలు దాటితే క్షయ కోసం తెమడ పరీక్ష చేయించాలి.