పంటికి కిరీటం

రూట్‌కెనాల్ చేసిన దవడపన్ను పెళుసుగా ఉంటుంది, క్రౌన్ తొడిగించుకోమన్నారు డాక్టరుగారు. బంగారమా, పింగాణీయా? మా అమ్మమ్మయితే ఆలోచించేది కాదు. ఆవిడ తన బంగారు పన్ను కనబడాలనే నవ్వేది!

ఇటలీలో ఎట్రుస్కన్ స్త్రీలు రెండున్నర వేల ఏళ్ళ కిందటే పళ్ళకి బంగారు పట్టీలు చుట్టించుకున్నారు. సొంత పన్నులా కనిపించే తొడుగు మాత్రం డెట్రాయిట్ దంతవైద్యుడు ఛార్లెస్ లాండ్‌ది. పలచని ప్లాటినం రేకు మీద పింగాణీ కాల్చి, చెక్కిన పంటికి తొడిగే ఆ పద్ధతికి 1889లో పేటెంటు పొందాడు. 1927లో ఒంటరిగా అట్లాంటిక్ దాటిన లిండ్‌బర్గ్ ఈయన కూతురి కొడుకేనండోయ్! తొడుగు అందంగానే ఉండేది గానీ తేలిగ్గా పగిలేది. 1960ల్లో లోహం మీద పింగాణీ కాల్చడం కుదిరాకే ఆ బెంగ తగ్గింది.

నేను పింగాణీయే అన్నాను. డాక్టరుగారు నమూనా పళ్ళు ఒక్కొక్కటే నా పంటి పక్కన పెట్టి చూసి, చివరికి కాస్త పసుపు తిరిగినదాన్ని తీశారు. ఇన్నేళ్ళ కాఫీ మరి!