గ్యాస్ వాసన వస్తోందా..? ముందు స్విచ్ మీద నుంచి చెయ్యి తీయండి!

తెల్లారకముందే లేచి టీ పెడదామని వంటింట్లోకి వెళ్తాం. గ్యాస్ వాసన గుప్పుమంటుంది. వెంటనే ఏమైందో చూద్దామని లైట్ వేస్తాం. లేదంటే వాసన పోవాలని ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆన్ చేస్తాం. ప్రాణాల మీదకు తెచ్చేది సరిగ్గా అదే!

స్విచ్ వేసినప్పుడు లోపల చిన్న స్పార్క్ పుడుతుంది. గ్యాస్ అంటుకోవడానికి అది చాలు. ఆఫ్ చేసినా అంతే. అందుకే వెలుగుతున్న లైట్‌ను వెలగనివ్వండి. ఫ్రిజ్ ప్లగ్ కూడా పీకొద్దు. అపార్ట్‌మెంట్‌లో మెయిన్ స్విచ్ గ్యాస్ చేరనంత దూరంలో ఉంటే అక్కడ ఆపేయించండి.

ఎల్పీజీ గాలి కంటే బరువు. నేల మీదే పరుచుకుని పక్క గదిలోకి పాకుతుంది. కిటికీ ఒక్కటే తీస్తే సరిపోదు.. తలుపులు కూడా బార్లా తెరవాలి. నిజానికి ఈ గ్యాస్‌కు సొంతంగా వాసన ఉండదు. లీకైతే తెలియాలని ఇథైల్ మెర్కాప్టన్ కలుపుతారు. జలుబు చేసిన వాళ్లకు అదీ తెలియకపోవచ్చు!

దీపం, అగరబత్తి వెలుగుతుంటే ఆర్పేయండి. స్టవ్ నాబ్‌లు, రెగ్యులేటర్ కట్టేయండి. పిల్లల్ని, పెద్దవాళ్లను బయటకు పంపేయండి. రెగ్యులేటర్ తీశాక సిలిండర్‌కు దారంతో వేలాడే ప్లాస్టిక్ మూత గట్టిగా బిగించాలి. చాలా ఇళ్లలో ఆ మూత తొలిరోజే చెత్తబుట్టలోకి పోతుంది. (ఈ వార్త రాస్తూ మా వంటింట్లో వెతికా.. మాకూ దొరకలేదు!) ఫోన్ మాత్రం బయటికి వచ్చాకే తీయండి. ఎల్పీజీ లీకేజీ హెల్ప్‌లైన్ 1906.. 24 గంటలూ పనిచేస్తుంది. మంటలు వస్తే 101 లేదా 112.

బాణలిలో నూనె అంటుకుంటే నీళ్లు అస్సలు పోయొద్దు, మంట ఎగసిపడుతుంది. బర్నర్ కట్టేసి, పక్క నుంచి మూత జరిపి కప్పేయండి. చల్లారేదాకా మూత తీయొద్దు.

రబ్బరు పైపు చూడటానికి బాగానే ఉన్నా ఐదేళ్లకోసారి మార్చాల్సిందే. సిలిండర్ తీసుకునేటప్పుడు పైన హ్యాండిల్ కింద ఉండే పట్టీల లోపలివైపు చూడండి. ఒక అక్షరం, రెండంకెలు ఉంటాయి. ఏ అంటే జనవరి-మార్చి, బీ ఏప్రిల్-జూన్, సీ జులై-సెప్టెంబర్, డీ అక్టోబర్-డిసెంబర్. అంకెలు సంవత్సరం. 'బీ-27' అంటే 2027 జూన్‌లోపు ఆ సిలిండర్‌కు మళ్లీ టెస్ట్ చేయాలన్నమాట. గడువు దాటినది ఇస్తే తీసుకోకండి, డెలివరీ బాయ్‌కి అక్కడే తిరిగి ఇచ్చేయండి.