సన్నతీగ చెప్పిన మాట

విశాఖ రామకృష్ణా బీచిలో ఇసుక పక్కనే పెద్ద విమానం వుంది, చూసే వుంటారు. టీయూ-142. 1988 నుంచి 2017 దాకా మన నౌకాదళంలో సముద్రం మీద కాపలా కాసి, రిటైరై, ఆ డిసెంబరులోనే మ్యూజియమై కూర్చుంది. మొన్న మా అమ్మాయి లోపలి మీటలన్నీ చూసి, "అమ్మా, ఆకాశంలో ఫ్యూజు పోతే ఎలా?" అంది.

నాకు మహారాణిపేటలో మా పాత యిల్లు గుర్తొచ్చింది. అక్కడ వారానికోసారి ఫ్యూజు పోయేది. నాన్నగారికి విసుగొచ్చి, ఒకనాడు సన్నతీగ తీసేసి లావుపాటి రాగితీగ చుట్టేశారు. "ఇంక పొమ్మను చూద్దాం!" అన్నారు. నిజమే, పోలేదు. నెల తిరక్కుండా ఓ అర్ధరాత్రి బామ్మ "ఏదో కమురు వాసనర్రా!" అంటూ అందర్నీ లేపింది. గోడలో తీగ మాడిపోతోంది.

అలా మాడకూడదనే కదా ఫ్యూజు పుట్టింది! 1880లో ఎడిసన్ దీనికి పేటెంటు తీసుకున్నాడు. లైనులో కావాలనే ఓ బలహీనమైన ముక్క పెడితే, కరెంటు మితిమీరినప్పుడు అది కరిగిపోయి తక్కినదాన్ని కాపాడుతుంది.

పెద్ద విమానాల సంగతి వేరు. చిన్నవాటిలో చాలావాటికి ఇంజనులో నిప్పురవ్వ పుట్టించేది మాగ్నెటో. 1903లో రైట్ సోదరులు ఎగిరిందీ దాంతోనే. ఇంజను తిరుగుతున్నంతసేపూ అది తన కరెంటు తానే తయారుచేసుకుంటుంది. అందుకే ఫ్యూజు పోతే దీపమో రేడియోనో ఆగుతుంది గానీ ఇంజను ఆగదు. పైలటు కంగారుపడడు. ఏది ఆగిందో చూసి, దాని మీట కట్టేస్తాడు. అది లేకపోతే గడవదనుకుంటేనే, సరిగ్గా అంతే కొలత ఫ్యూజు ఒక్కసారి మారుస్తాడు. మళ్ళీ పోయిందా, ఇక దాని జోలికి వెళ్ళడు. దిగాక మెకానిక్ తీగ ఎక్కడ ఒరుసుకుపోయిందో వెతుకుతాడు.

తీగలతో పరాచికాలు కాదు మరి. 1998లో న్యూయార్కు నుంచి జెనీవా వెళ్తున్న స్విస్ ఎయిర్ 111 విమానం కెనడా తీరాన సముద్రంలో కూలి, 229 మంది పోయారు. తీగల దగ్గర రేగిన నిప్పురవ్వే మూలమై వుంటుందని దర్యాప్తులో తేలింది. ఫ్యూజుల స్థానంలో వచ్చిన బ్రేకర్లు కూడా ఆ రవ్వను పట్టుకోలేకపోయాయి. ఎగురుతుండగా పడిపోయిన బ్రేకరుని, ప్రాణావసరమైతే తప్ప మళ్ళీ వేయొద్దని 2004లో అమెరికా విమానయాన శాఖ పైలట్లకి సలహా యిచ్చింది.

"మరి తాతయ్య ఏం చేశారు?" అంది అమ్మాయి.

మర్నాడు గోడ పగలగొట్టించారు. చెమ్మకి తీగ మీది తొడుగంతా చివికిపోయివుంది. పాపం, ఆ సన్నతీగ వారం వారం మాకు చెబుతూ వచ్చింది ఆ మాటే.