‘ఓకే 1’ పుట్టుపూర్వోత్తరాలు

గిట్ సోర్సు కోడు దించుకుని దాని టెస్టులు రన్ చేస్తే తెర మీద ‘ఓకే 1’, ‘ఓకే 2’ అంటూ వరుసలు దిగుతాయి. ఎక్కడైనా తేడా వస్తే ‘నాట్ ఓకే’ అని పడుతుంది. ఈ వరుసల వయసు గిట్ వయసు కంటే చాలా ఎక్కువ. ఇవి 1987లో పెర్ల్ భాషతో పాటే పుట్టాయి.

పెర్ల్‌ను సృష్టించిన లారీ వాల్ భాషాశాస్త్రం చదువుకున్న ప్రోగ్రామర్. కుప్పలుగా పడి ఉన్న ఫైళ్లలోంచి కావలసింది ఏరి నివేదికలు తయారు చేయడానికి అప్పటి పనిముట్లు చాలక, ఆయన సొంతంగా ఒక స్క్రిప్టింగ్ భాష రాసుకున్నారు. 1987 డిసెంబరు 18న దాన్ని అందరికీ పంచిపెట్టారు. ఆ కోడుతో పాటు ‘టి’ అనే చిన్న డైరెక్టరీ కూడా పంపారు. టెస్టులన్నీ అందులోనే ఉన్నాయి.

వాటిలో ‘ఇఫ్’ వాక్యాన్ని పరీక్షించే ఫైలు చూడండి. ముందుగా ‘1..2’ అని అచ్చు వేస్తుంది. అంటే రెండు టెస్టులు ఉన్నాయని చెప్పడం. తర్వాత ఎక్స్ అనే వేరియబుల్‌లో ఒక మాట పెట్టి, ఎక్స్ ఎక్స్‌తో సమానమేనా అని అడుగుతుంది. అవునంటే ‘ఓకే 1’, కాదంటే ‘నాట్ ఓకే 1’. అంతే.

చూడటానికి పిల్లల ఆటలా ఉన్నా ఇందులో గొప్ప వివేకం ఉంది. భాషే ఇంకా తప్పటడుగులు వేస్తున్నప్పుడు దానితో పెద్ద టెస్టు పరికరం కడితే, దోషం భాషదో పరికరానిదో తేలదు. ఇక్కడ ‘ఓకే’ అని అచ్చు వేయడం వస్తే చాలు, టెస్టు రాయవచ్చు. ముందే లెక్క చెప్పడంలోనూ అర్థముంది. ఇస్త్రీకి ఇచ్చిన బట్టలు ఎన్నో రాసి పెట్టుకుంటేనే తిరిగొచ్చినప్పుడు ఒకటి తగ్గిందని తెలుస్తుంది. ప్రోగ్రాము మధ్యలో ఆగిపోతే ‘నాట్ ఓకే’ అని చెప్పేవారు ఎవరూ ఉండరు. పదికి ఏడే వచ్చాయన్న లెక్కే ఆ సంగతి బయటపెడుతుంది.

1994 అక్టోబరు 17న వచ్చిన పెర్ల్ 5తో మాడ్యూళ్ల కాలం మొదలైంది. ఒక పనికి సంబంధించిన కోడునంతా ఒక ఫైల్లో పెట్టి, పేరు పెట్టి, ‘యూజ్’ అనే ఒక్క మాటతో ఎక్కడికైనా పిలుచుకోవచ్చు. మాడ్యూల్ ఫైలు చివర ‘1;’ అని రాయడం ఆనవాయితీ. నేను సరిగా లోడ్ అయ్యానని మాడ్యూల్ చెప్పే మాట అది. 2023లో పెర్ల్ 5.38 దాన్ని రాయకుండా ఉండే వీలు కల్పించేదాకా అది తప్పనిసరిగానే ఉండేది.

మాడ్యూళ్లు పెరిగాక వాటిని దాచే చోటు కావాలి. 1995లో సీపాన్ అనే ఉమ్మడి భాండాగారం మొదలైంది. ఫిన్లాండ్‌కు చెందిన యార్కో హియెటానియెమి దానికి గ్రంథపాలకుడిలా నిలబడ్డారు. మాడ్యూళ్లు దాచిన భాండాగారంగానే దీన్ని చాలామంది గుర్తుపెట్టుకున్నారు. నా దృష్టిలో దాని అసలు ఘనత వేరు. అక్కడికి చేరే మాడ్యూల్ తన ‘టి’ డైరెక్టరీని వెంట తెచ్చుకోవడం ఆనవాయితీ అయింది. దించుకున్నవారి కంప్యూటర్లో ముందు టెస్టులు నడుస్తాయి. అవి ఫెయిలైతే, బలవంతం చేస్తే తప్ప సీపాన్ ప్రోగ్రాము దాన్ని ఇన్‌స్టాల్ చేయదు. రాసినవారి దగ్గర పని చేస్తే సరిపోదు, తీసుకున్నవారి దగ్గరా పని చేయాలి అన్న నియమం అలా వాడుకలోకి వచ్చింది.

1998లో గ్రాహం బార్, క్రిస్ నాండర్ సీపాన్ టెస్టర్స్ అనే స్వచ్ఛంద కృషిని మొదలుపెట్టారు. కొత్త మాడ్యూల్ రాగానే ఎక్కడెక్కడివారో తమ తమ మెషీన్లలో, రకరకాల ఆపరేటింగ్ సిస్టమ్‌ల మీద దాన్ని పరీక్షించి ఫలితం పంపుతారు. విండోస్ ముఖం చూడని రచయితకు కూడా విండోస్‌లో తన కోడు ఎక్కడ తడబడిందో తెలుస్తుంది. 2013లో పెర్ల్ 5.18 వచ్చినప్పుడు హ్యాష్‌లోని అంశాల వరుస రన్ చేసిన ప్రతిసారీ మారడం మొదలైంది. ఆ వరుస స్థిరమని తెలియకుండానే నమ్ముకున్న మాడ్యూళ్లెన్నో టెస్టుల్లో దొరికిపోయాయి.

2001లో మైఖేల్ ష్వెర్న్ రాసిన టెస్ట్ మోర్ మాడ్యూల్ ఈ పనిని ఇంకా తేలిక చేసింది. అందులోని ‘ఈజ్’ ఫంక్షన్ ఫెయిలైందని చెప్పి ఊరుకోదు. ఏం రావాలి, ఏం వచ్చింది అన్నవి రెండూ ఒకదాని కింద ఒకటి చూపిస్తుంది. మరుసటి ఏడు అది పెర్ల్ 5.8తో పాటే అందరికీ అందింది. పాత ‘ఓకే’ వరుసలకు టాప్ అనే పేరు కూడా స్థిరపడింది. అది మామూలు పాఠ్యమే కాబట్టి ఏ భాషలోనైనా అచ్చు వేయవచ్చు. గిట్, పోస్ట్‌గ్రెస్ అలాగే దాన్ని అందుకున్నాయి. 2022లో నోడ్ 18తో వచ్చిన టెస్ట్ రన్నర్ కూడా మొదట ఆ రూపంలోనే ఫలితాలు చెప్పింది.

అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు చాలంటారు. కోడుకు ఆ సామెత చెల్లదు. ఏ మెతుకుకామెతుకు పట్టి చూడాల్సిందే. మీరు రాసిన చిన్న స్క్రిప్టునైనా ఇంకొకరికి ఇచ్చే ముందు దాని పక్కన ‘టి’ అనే డైరెక్టరీ తెరవండి. ఎక్స్ ఎక్స్‌తో సమానమా అన్న ప్రశ్నతోనైనా సరే, మొదటి టెస్టు రాయండి.